పాత కంప్యూటర్ల వాళ్లం పాతిక మందిమి కూడా లేం, మళ్లీ ఇంకో గ్రూపు అవసరమా?

బ్రాడీపేట_386:

అందరికీ నమస్తే. విజయవాడ, గుంటూరు రెండూ కలిపినా పాత కంప్యూటర్లు దాచుకుని బాగు చేసుకునేవాళ్లం పాతిక మందిమి ఉండం. ఇప్పటికే ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇప్పుడు గుంటూరు వాళ్లకి విడిగా టెలిగ్రామ్‌లో ఇంకోటి పెడదామని కొందరు అంటున్నారు. పాత గ్రూపులో అమ్మకాలు, గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప పనికొచ్చే మాట కనపడట్లేదని వాళ్ల బాధ. నిజమే, కాదనను.

కానీ ఒకటి చెప్తాను. ఈమధ్య ఒక కుర్రాడు 386 అనే పాత రకం కంప్యూటర్ బోర్డు మీద నికెల్ కాడ్మియం బ్యాటరీ కారిపోయిందని ఫొటో పెట్టాడు. దాని గురించి ఇదే గ్రూపులో ఇంతకుముందు ఒకాయన ఎంత వివరంగా రాశారో నాకు గుర్తుంది: కారేది క్షారం కాబట్టి ముందు తెల్ల వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో దాని గుణం విరగ్గొట్టాలి, తర్వాత కడగాలి, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి అని. ఎంత వెతికినా ఆ మెసేజ్ దొరకలేదు. ఆ పిల్లాడు పొడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాడు, కీబోర్డు కనెక్టర్ దగ్గర బోర్డు మీది రాగి గీతల్ని ఆ క్షారం తినేసింది. రెండో గ్రూపు పెడితే ఇలాంటివి రెండు చోట్ల పోతాయి కదా అని నా టెన్షన్. మీరేమంటారు?

కృష్ణలంక_జెడ్80:

నా మాట సూటిగా చెప్తా అన్నా, వద్దు. మనకి తక్కువైంది మాట్లాడుకునే చోటు కాదు, పని చేసుకునే చోటు. ఒక గది, ఒక బల్ల, మంచి సోల్డరింగ్ ఐరన్, కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతలా చూపే ఒక ఆసిలోస్కోప్, అంతే.

ఉదాహరణకి 1984లో కేంద్రం, పిల్లలకి కంప్యూటర్ నేర్పే క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకి బీబీసీ మైక్రో అనే బ్రిటన్ కంప్యూటర్లు ఇచ్చింది. చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు లైసెన్సు తీసుకుని వాటినే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారు చేశారు. ఆ మెషీన్ ఎవరికైనా దొరికితే, సంతోషంలో వెంటనే ప్లగ్ పెడితే పవర్ సప్లైలో ఉండే పాత పేపర్ కెపాసిటర్ పగిలి గది నిండా పొగ రావచ్చు. దాన్ని ముందే పీకి కొత్తది వేయాలి, కరెంటు దారిలో ఒక బల్బు సిరీస్‌లో పెట్టి చూసి ఆ తర్వాతే నేరుగా కరెంటు ఇవ్వాలి. ఇది ఫోన్‌లో టైపు చేసి నేర్పేది కాదు, 230 వోల్టుల వ్యవహారం, పక్కన తెలిసినవాళ్లు నిలబడి ఉండాలి. గుంటూరు నుంచి బెజవాడ గంట ప్రయాణం. బస్సెక్కి రండి, విడిపోవడం దేనికి?

మంగళగిరి_కుర్రాడు:

నేను కొత్త గ్రూపు వైపే అండి, ఏమనుకోకండి. పాత గ్రూపులో అడగాలంటే భయం. పెద్దవాళ్లంతా ఒకరికొకరు తెలుసు, మనం ఏదైనా అడిగితే ఎవరూ పలకరు, లేదా "ఇది చాలాసార్లు చెప్పాం" అంటారు. చెప్పి ఉండొచ్చు, కానీ నేను చేరకముందు నడిచిన మాటలు నాకెలా తెలుస్తాయి? టెలిగ్రామ్‌లో అయితే కొత్తగా చేరినవాళ్లకి కూడా పాత మెసేజ్‌లు కనపడేలా పెట్టుకోవచ్చు, ఫ్లాపీలకి ఒకటి, పవర్ సప్లైలకి ఒకటి, అమ్మకాలకి ఒకటి అని విడివిడిగా విభాగాలు పెట్టుకోవచ్చు. గది మంచిదే, కానీ ఆదివారం తప్ప కుదరదు నాకు. రాత్రి పదకొండుకి బోర్డు ముందు కూర్చుని ఇరుక్కుంటే ఎవరిని అడగను?

ఇంకోటి, ఈ విషయాలు తెలుగులో ఎక్కడా లేవు. నాకు ఇంగ్లిష్ వీడియో చూస్తే సగమే అర్థమవుతుంది. మీరు తెలుగులో రాస్తే ఒక్కసారికే పట్టుకుంటాను.

గవర్నర్‌పేట_డీటీపీ:

బాబూ, మీ ముగ్గురి మాటా విన్నాను. ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం, నా ఆత్రం వేరు.

విజయవాడ అంటే పుస్తకాల ఊరు. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకి తొంభైలలో మేం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పుస్తకాలు కంపోజ్ చేశామో. ఆ ఫైళ్లన్నీ ఫ్లాపీల్లో ఉన్నాయి, ఆ ఫ్లాపీలు అటకల మీద ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డు తేమకి వాటికి బూజు పడుతోంది. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే ఆ బూజు డ్రైవ్‌లో డిస్కుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీకేస్తుంది, అందుకని ఒక్కోటీ విప్పి శుభ్రం చేశాకే చదవాలి. ఇప్పుడు గ్రీజ్‌వీజిల్ అని ఒక చిన్న బోర్డు వస్తోంది, పాత డ్రైవ్‌ని యూఎస్‌బీకి కలిపి డిస్కు మీదున్న అయస్కాంత గుర్తుల్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకుంటుంది. విండోస్ చదవలేనన్న ఫ్లాపీల నుంచి కూడా దాంతో చాలాసార్లు డేటా లాగొచ్చు.

లాగితే సరిపోదు. అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పటిలా అందరికీ ఒకే కోడు ఉండే యూనికోడ్ కావు, ఒక్కో కంపెనీది ఒక్కో కోడు. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గీతలూ కలగాపులగంగా కనపడతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అయితే ప్రింటర్ పోర్టుకి తాళం లాంటి ముక్క తగిలిస్తేనే తెరుచుకునేవి, ఆ ముక్క పోతే అంతే. ఏ ఫైలు ఏ ఫాంటుదో చూడగానే చెప్పగల ఆపరేటర్లు ఇంకా ఉన్నారు, కానీ ఎక్కువమంది రిటైరయ్యారు, వాళ్లు ఏ గ్రూపులోనూ లేరు. వాళ్లని పిలుచుకురాగలిగితే చాలు, నేను ఏ గ్రూపుకైనా వస్తాను. నా విండోస్ 98 మెషీన్ ఇంకా నడుస్తోంది, అది కూడా తెస్తాను.

బ్రాడీపేట_386:

గురువుగారూ, మీ పోస్టు చదివాక నా ప్రశ్నే మారిపోయింది. మంగళగిరి తమ్ముడు చెప్పింది కూడా న్యాయమే, కొత్తవాళ్లకి పాత మాటలు కనపడాలి. అందుకని నాకు తోచింది ఇది: టెలిగ్రామ్‌కి వెళ్దాం, కానీ ఊరికొకటి కాకుండా అందరం కలిసి వెళ్దాం, వాట్సాప్‌ది మూసేద్దాం. రెండూ నడిపితే నేను మాత్రం ఒప్పుకోను. ఎవరైనా మంచి జవాబు రాస్తే దాన్ని అక్కడే పైన పిన్ చేసే పని నేను తీసుకుంటా.

గది సంగతి, అద్దె ఇప్పుడే వద్దు. జనవరిలో పుస్తక మహోత్సవానికి ఎటూ అందరం బెజవాడ వస్తాం, ఆ పూట ఎవరింట్లోనైనా కూర్చుని ముందు గురువుగారి ఫ్లాపీలు మొదలుపెడదాం.

కృష్ణలంక_జెడ్80:

మా ఇంటి మేడ మీద గది ఖాళీయే, కరెంటు సరిగ్గా ఉంది. గ్రీజ్‌వీజిల్ నేను తెప్పిస్తాను. 5.25 అంగుళాల డ్రైవ్ కావాలి, 1.2 ఎంబీది అయితే 360 కేబీ డిస్కులు కూడా చదువుతుంది, కానీ వాటి మీద రాయడానికి మాత్రం వాడొద్దు. అది డిస్కు మీద రాసే ట్రాకులు, అంటే డేటా వరసలు, సన్నం, తర్వాత పాత 360 కేబీ డ్రైవ్ చదవలేక తికమక పడుతుంది.

మంగళగిరి_కుర్రాడు:

5.25 డ్రైవ్ నా దగ్గరుంది అన్నా, పాతసామాన్ల కొట్లో దొరికింది, 1.2 ఎంబీదే. 34 పిన్నుల కేబుల్ లేదు. వెడల్పు కనెక్టర్ ఉన్నది ఎవరి దగ్గరైనా ఉందా?

గవర్నర్‌పేట_డీటీపీ:

ఉంది బాబూ, రెండున్నాయి. ఒకటి నువ్వే ఉంచేసుకో.