అప్‌డేట్: మోడల్ ఎ హాట్ రాడ్ ఇంజిన్ స్టార్ట్ అయింది!

హాట్ రాడ్ (పాత కారుకి బలమైన ఇంజిన్ పెట్టి చేసుకునే బండి) కట్టడానికి 1930 ఫోర్డ్ మోడల్ ఎ ట్యూడర్ (రెండు తలుపుల) కారు బాడీ దొరికింది, చేతిలో 8 వేల డాలర్లే ఉన్నాయి, ఫ్లాట్‌హెడ్ వీ8 (ఫోర్డ్ పాతకాలపు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టాలా, కొత్త కాలం ఇంజిన్ పెట్టాలా అని పోయిన ఏడాది అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

ఫ్లాట్‌హెడ్ ఆశ వదులుకున్నాను. దాన్ని రీబిల్డ్ చేయిస్తే బడ్జెట్‌లో సగం అక్కడే అయిపోయేది. ఇక్కడ ఒహాయోలోనే ఒక జంక్‌యార్డులో 1999 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ దొరికింది, 450 డాలర్లు. దాని ముందు వైపు పుల్లీలు, బెల్టు చాలా పొట్టిగా ఉంటాయి. మోడల్ ఎ లాంటి ఇరుకు బండికి అదే పెద్ద వరం.

ఒక్క చోట మాత్రం దెబ్బ తిన్నాను. ఈ ఇంజిన్‌కి జీటీ40పీ అనే రకం హెడ్లు (సిలిండర్ల పై భాగాలు) వస్తాయి, వాటిలో స్పార్క్ ప్లగ్‌ల కోణం వేరు. తెలియక మామూలు హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ బయటికి పంపే పైపులు) కొన్నాను. బిగించి చూస్తే ప్లగ్ వైరు రబ్బరు సరిగ్గా పైపుకి ఆనుకుంటోంది, వేడికి కాలిపోవడం ఖాయం. వాటిని అమ్మేసి ఎక్స్‌ప్లోరర్‌తో వచ్చిన పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డులే (హెడర్ల పనే చేసేవి) పెట్టాను. చక్కగా కుదిరాయి, ఖర్చూ లేదు.

ఫ్రేమ్ గట్టిపడేలా లోపల ప్లేట్లు వేసి బాక్సింగ్ చేశాను, అంటే పెట్టెలా మూశాను. వంకర పోకుండా ఒక్కో అంగుళం, చోటు మారుస్తూ వెల్డింగ్. బ్రేకుల దగ్గర మాత్రం పిసినారితనం చూపించలేదు: పాత రాడ్ బ్రేకులు తీసేసి హైడ్రాలిక్, డ్యూయల్ మాస్టర్ సిలిండర్ (ఒక జత బ్రేకులు పోయినా ఇంకో జత పనిచేసేలా ఉండేది) వేశాను.

మొన్న ఆదివారం మొదటిసారి స్టార్ట్ చేస్తే మా అబ్బాయి చెవులు మూసుకుని గంతులేశాడు. ఇప్పటివరకు 6,300 డాలర్లు ఖర్చయింది. 12 వోల్టుల వైరింగ్, సీట్లు మిగిలాయి.