గుడి గోపురాన్ని చీర మీదికి ఎలా తేవాలి?

పెన్నాతీరం (నెల్లూరు): మా రంగనాథస్వామి గుడి గాలిగోపురాన్ని కొంగు మీద నేయించాలని నా కోరిక. బొమ్మ గీసి వెంకటగిరిలో ఒక నేత పెద్దాయనకు చూపిస్తే, మగ్గం మీద ఇది ముద్దగా కనిపిస్తుందన్నారు. ఎక్కడ సరిచేయాలి?

మగ్గమిల్లు (వెంకటగిరి): ఆయన మాట నిజం అక్కా. గోపురమంతా వద్దు. అంతస్తు తర్వాత అంతస్తులో మళ్లీ మళ్లీ వచ్చే గూడు ఆకారం ఉంటుంది చూడండి, దాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. గ్రాఫ్ కాగితం మీద గీస్తే వంపంతా మెట్లు మెట్లుగా మారుతుంది. మెట్లు ఎంత చిన్నవైతే వంపు అంత నున్నగా వస్తుంది, అందుకే సన్నని 100 నంబరు నూలు మీద బాగుంటుంది. జాందానీ నేతలో ప్రతి బుటాకూ (చిన్న బొమ్మకూ) అదనపు పేక దారాన్ని, అంటే అడ్డదారాన్ని, చేత్తోనే ఎక్కించాలి. బుటాలు ఒత్తుగా పెడితే కూలీ కూడా పెరుగుతుంది. నన్నడిగితే ఖాళీ ఎక్కువున్న చీరే అందం.

కోటనీడ (ఉదయగిరి): రాతిలో రూపాన్ని చూపించేది నీడ. గుడ్డ మీద ఆ నీడ ఉండదు. కాబట్టి అంచు గీతలు కాకుండా, నీడ పడిన చోట్లను నల్లగా నింపి గీయండి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయాలి. మధ్యాహ్నం తీసిన ఫొటోలో చెక్కడం చదునుగా కనిపిస్తుంది. మా ఊరు కూడా ఒకసారి చూడండి. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇది. రంగనాయకుల గుడి స్తంభాలూ ఉన్నాయి, కొండ మీద మసీదుల కమానులూ ఉన్నాయి. కమాను వరుసను అంచుగా, గుడి తామరను బుటాగా వేస్తే రెండూ చక్కగా కలుస్తాయి.

అద్దకం (దర్శి): మాది అచ్చుల పని. మగ్గానికి ఉన్న మెట్ల ఇబ్బంది చెక్క అచ్చుకు లేదు, వంపు వంపుగానే వస్తుంది. భైరవకోనలో కొండను తొలిచిన 8 గుహాలయాలు ఉన్నాయి. అక్కడి స్తంభాల అడుగున కూర్చున్న సింహాన్ని దుప్పటికి తీసుకున్నాను. ఒకదాని కింద ఒకటి వేస్తే నిలువు చారలు పడినట్టు ఉంటుంది. పై వరుసలో రెండు సింహాల నడుమ ఖాళీకి సరిగ్గా కింద మూడోదాన్ని వేస్తే గుడ్డంతా నిండుగా ఉంటుంది. అచ్చు కుడి అంచు ఎడమ అంచుతో కలుస్తుందో లేదో ముందు కాగితం మీద అద్ది చూడాలి.

పెన్నాతీరం: గోపురం మీది దేవతామూర్తులను కూడా పెట్టవచ్చా?

మగ్గమిల్లు: వద్దక్కా. కుచ్చిళ్లలో పడి కాళ్లకు తగులుతాయి, మా ఇంట్లో ఎవరూ నేయరు. హంసలు, లతలు, తామరలు తీసుకోండి. గోడకు వేలాడదీసే గుడ్డ అయితే అది వేరే మాట.

పెన్నాతీరం: అయితే గూళ్ల వరుసను అంచుకు, తామరను కొంగుకు పెడతాను. ఈసారి నీడలే గీసి తెస్తాను. ముదురు ఆకుపచ్చ మీద జరీ నప్పుతుందా, లేక గంధం రంగు మీదా?

మగ్గమిల్లు: గంధం రంగు మీద జరీ కలిసిపోతుంది, గూడు కనపడదు. ఆకుపచ్చే ఖాయం చేయండి.