ఫ్లాట్ టీవీలో రంగులు పోయాయి, నాలుగు గంటలుగా కుస్తీ

హంద్రీ గట్టు (ఆదివారం, రాత్రి 9.40)

సాయంత్రం అయిదున్నర నుంచి ఈ టీవీ ముందే కూర్చుని ఉన్నాను. బొమ్మ వస్తోంది, మాట వినిపిస్తోంది, రంగు మాత్రం చుక్క కూడా లేదు. అంతా బూడిద పూసినట్టు ఉంది. పైగా మనుషులందరూ జొన్నదంట్లలా సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు. నిన్నటి దాకా శుభ్రంగా పనిచేసింది. ఫ్లాట్ టీవీ, మంచి కంపెనీది, ఒక్కసారి కూడా రిపేరుకు వెళ్లలేదు. తీగలు మూడూ పీకి మళ్లీ పెట్టాను. ఆపి, వేసి, మళ్లీ ఆపి వేలు నొప్పి పుట్టింది. నాన్న పక్కనే కూర్చుని "ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది" అని పది నిమిషాలకోసారి అంటున్నారు. ఎల్లుండి ఆయన మ్యాచ్ చూడాలి. కర్నూలులో మెకానిక్కులకు ఫోను చేస్తే టీవీ పేరు వినగానే నవ్వుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. కొత్తది కొనమని మాత్రం చెప్పకండి.

సప్తగిరి సర్కిల్ (రాత్రి 9.52)

సులభం అన్నా. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిక్చర్ మోడ్ చూడండి, పిల్లలు ఎవరో నొక్కి ఉంటారు. కలర్ సున్నాకు పడిపోయి ఉంటుంది. కాకపోతే వైఫైకి కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. మా అనంతపురంలో మా బావమరిది టీవీకి ఇలాగే అయింది, అప్‌డేట్‌తో సరిపోయింది.

హంద్రీ గట్టు (రాత్రి 9.58)

వైఫై ఎక్కడిదండీ దీనికి? రిమోట్ పోయి ఎనిమిదేళ్లయింది. ముందువైపు మూత కింద ఆరు బటన్లు ఉన్నాయి, అంతే.

పాత మెకానిక్ (రాత్రి 10.05)

ఏ సంవత్సరం సెట్టు? దానికి ఏమి కలిపారు?

హంద్రీ గట్టు (రాత్రి 10.09)

2002 చివర్లో కొన్నాం. ఫ్లాట్ అని మొదటే రాశాను కదా. 29 అంగుళాలు. ముగ్గురు పడితే గాని కదలదు.

సప్తగిరి సర్కిల్ (రాత్రి 10.11)

ముగ్గురా! మా ఫ్లాట్ టీవీని నేనొక్కడినే గోడకు తగిలించాను. మీరు చెప్పేది డబ్బా టీవీ. అది ఫ్లాట్ ఎలా అవుతుంది?

గాజుగొట్టం (రాత్రి 10.30)

మాట దగ్గరే తేడా వస్తోంది. ఆయన తప్పేమీ రాయలేదు. 2000 ప్రాంతంలో దుకాణాల్లో "ఫ్లాట్ టీవీ" అంటే గోడకు తగిలించేది కాదు, ముందు అద్దం చదునుగా ఉన్న పిక్చర్ ట్యూబు టీవీ. అంతకుముందు ఆ అద్దం పూరీలా ఉబ్బి ఉండేది, కిటికీ వెలుతురు పడితే సగం బొమ్మ కనిపించేది కాదు. చదును చేసేసరికి బరువు పెరిగింది. ట్యూబు లోపల శూన్యం. బయటి గాలి అద్దాన్ని లోపలికి నొక్కుతూనే ఉంటుంది. ఉబ్బిన అద్దమైతే గుమ్మటం బరువును వంపు మోసినట్టు ఆ ఒత్తిడిని మోస్తుంది. చదునైతే దళసరి గాజు వేయక తప్పదు. 29 అంగుళాల సెట్టు 45, 50 కిలోలు తూగేది అందుకే.

ఇందులోనూ రకాలున్నాయి. సోనీ 1968లో తెచ్చిన ట్రినిట్రాన్‌లో తెర వెనుక చిల్లుల రేకుకు బదులు నిలువు తీగల వరుస ఉంటుంది. ఆ తీగలు వణకకుండా అడ్డంగా సన్నని తీగలు కడతారు. తెర మొత్తం తెల్లబడినప్పుడు వెంట్రుక మందాన వాటి నీడ కనిపిస్తుంది. మా ఇంటికి అలాంటి సెట్టు వచ్చిన రోజు దాన్ని పగులు అనుకుని ఏడ్చినంత పని చేశాను. నాన్న ఆటోలో తిరిగి దుకాణానికి బయలుదేరారు కూడా. మీది ఆ రకమేనా?

కడప ఏడురోడ్లు (రాత్రి 10.41)

29 అంగుళాలు అనేది కంపెనీల లెక్క. ట్యూబు మొత్తం కొలిచి చెప్పేవాళ్లు, అంచులు ప్లాస్టిక్కు చట్రం కింద దాగి ఉండేవి. కంటికి కనిపించేది 68 సెంటీమీటర్లు, అంటే 27 అంగుళాలకు కొంచెం తక్కువ. ఈ సంగతి మా నాన్నకు కోపం. టైలరు టేపు పట్టుకుని దుకాణానికి వెళ్లి మూలనుంచి మూలకు కొలిచారు. ఆ దుకాణదారుడు ఆ తరువాత మమ్మల్ని చూస్తేనే షట్టరు సగం దించేవాడు.

గాజుగొట్టం (రాత్రి 10.47)

కొలత ఎలా ఉన్నా పేరు 29 అంగుళాలే. మీరు 27 అని అడిగితే దుకాణంలో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

కడప ఏడురోడ్లు (రాత్రి 10.50)

అర్థం కాకపోవడం వేరు, అబద్ధం కాకపోవడం వేరు సార్.

పాత మెకానిక్ (రాత్రి 10.52)

దానికి ఏమి కలిపారు?

సీసం జాగ్రత్త (రాత్రి 11.15)

ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతాను. పిక్చర్ ట్యూబు వెనుక గరాటు భాగంలో ఉండేది సీసం కలిసిన గాజు. ఎక్స్‌కిరణాలు బయటికి రాకుండా అలా చేస్తారు. ఇంట్లో ఉన్నంతకాలం దాని వల్ల హాని లేదు. పగలగొడితేనే ముప్పు. పాత సామాన్లు కొనేవాళ్లకు కావలసింది మెడ చుట్టూ ఉండే రాగిచుట్ట. అది లాక్కుని గాజును వాగులో కుమ్మరించడం నా కళ్లతో చూశాను. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరాలి. కాబట్టి టీవీని తోపుడుబండికి వేయకండి.

హంద్రీ గట్టు (రాత్రి 11.21)

పారేస్తానని నేను ఎక్కడ రాశాను? రంగులు రావడం లేదని రాశాను.

సప్తగిరి సర్కిల్ (రాత్రి 11.26)

ఒకసారి వెనుక మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపి చూడండి. ఇన్నేళ్ల దుమ్ము. ట్యూబు మెడ దగ్గర ఉన్న చిన్న బోర్డును కొంచెం కదిలిస్తే రంగులు రావచ్చు.

పాత మెకానిక్ (రాత్రి 11.27)

తీయకండి.

పాత మెకానిక్ (రాత్రి 11.31)

మూత తీయకండి అని మళ్లీ చెబుతున్నాను. పెద్ద ట్యూబుకు పాతికవేల వోల్టులకు పైనే వెళుతుంది. ప్లగ్ పీకేసినా ఆ ట్యూబు కెపాసిటర్‌లా కరెంటు పట్టి ఉంచుతుంది. రబ్బరు టోపీ కింద వేలు పెట్టి గోడకు వెళ్లి కొట్టుకున్నవాణ్ని, నాకు తెలుసు. మెడ గాజు పలచన. స్క్రూడ్రైవర్ తగిలి చిట్లితే "ఉస్సు" అని గాలి పోతుంది, అక్కడితో టీవీ కథ ముగుస్తుంది. తెలియకుండా సలహాలు ఇవ్వకండి.

సప్తగిరి సర్కిల్ (రాత్రి 11.33)

సాయం చేద్దామని చెప్పాను. అంత కోపం ఎందుకు?

చిన్నమ్మ వంటిల్లు (రాత్రి 11.40)

బాబూ, ఒక మాట అడుగుతాను. ఇప్పుడు పన్నెండు వేలు పెడితే 32 అంగుళాలది వస్తుంది కదా, ఎందుకు ఇంత అవస్థ?

హంద్రీ గట్టు (సోమవారం, రాత్రి 12.10)

వద్దన్న మాటే అడిగారు. అయినా చెబుతాను, ఎలాగూ నిద్ర రావడం లేదు.

ఇంట్లో కొత్త ఎల్‌ఈడీ ఉందండీ. కింద హాల్లో ఉంది. నాన్న దాన్ని చూడరు. ఈ టీవీ 2003 ప్రపంచ కప్పు కోసం కొన్నది. అప్పు చేసి కొన్నారు, ఆ సంగతి అమ్మకు రెండేళ్ల తరువాత తెలిసింది. 2003 మార్చి 1న పాకిస్తాన్ మ్యాచ్, అదే రోజు శివరాత్రి. వీధిలో సగం మంది ఉపవాసంతో మా ఇంట్లోనే ఉన్నారు. సచిన్ 98 దగ్గర అవుటైతే ఒక పెద్దాయన లేచి, గెలుపు తేలకముందే "ఇంక గుడికి వెళతాను" అని చెప్పులు వేసుకున్నాడు.

తరువాత 2009 అక్టోబరు వరద. మాది పాతబస్తీ. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి మీదికి వచ్చాయి. నీళ్లు గడప దాటాక ఏమి మోయాలి అని నిలబడ్డాం. నేను, అన్న, నాన్న, పక్కింట్లో అద్దెకున్న కుర్రాడు, నలుగురం ఈ టీవీని దుప్పటిలో చుట్టి మిద్దె మీదికి ఎక్కించాం. పదిహేడు మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర మలుపు, అక్కడ గోడకు కొట్టుకుని సున్నం ఊడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మళ్లీ దిగి వచ్చేసరికి ఫ్రిజ్ తేలుతోంది. బియ్యం, పప్పులు, అమ్మ పెళ్లి పెట్టె అన్నీ పోయాయి. ఫ్రిజ్ వదిలేసి టీవీ మోశారు అన్న మాట మా ఇంట్లో ఏ గొడవలోనైనా చివరికి వస్తుంది.

వరద తగ్గాక దాన్ని కిందికి దించుదామంటే ఎవరికీ నడుము లేదు. అలా పైగదిలోనే ఉండిపోయింది. నాన్నకు ఇప్పుడు 74. రోజూ పదిహేడు మెట్లెక్కి దాని ముందు కూర్చుంటారు.

చిన్నమ్మ వంటిల్లు (రాత్రి 12.18)

మీ అమ్మగారు ఫ్రిజ్ గురించి అనడంలో తప్పేమీ లేదు.

కడప ఏడురోడ్లు (రాత్రి 12.25)

50 కిలోలకే ఇంత కథ. 1980ల చివర సోనీ 43 అంగుళాల ట్యూబు టీవీ చేసింది, దాదాపు 200 కిలోలు. దాన్ని మిద్దె ఎక్కించాలంటే మిద్దె కిందికి వచ్చేది.

గాజుగొట్టం (రాత్రి 12.31)

ఆ 43 మాత్రం కనిపించే కొలతే. అసలు ట్యూబు 45. మీకు సంతోషంగా ఉండాలి.

పాత మెకానిక్ (ఉదయం 6.15)

మూడోసారి అడుగుతున్నాను. టీవీకి ఏమి కలిపారు? నిన్నటి దాకా బాగుంది అన్నారు. నిన్న ఏమి మారింది?

హంద్రీ గట్టు (ఉదయం 7.02)

ఏమీ మారలేదు అన్నా. కేబుల్ అతను పాత బాక్సు తీసుకుని కొత్తది ఇచ్చాడు, అంతే. దానికి పసుపు, తెలుపు, ఎరుపు తీగలు పెట్టే చోటు లేదు. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. అందుకని రాజ్‌విహార్ దగ్గర ఒక దుకాణంలో అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నల్ల కన్వర్టరు కొన్నాను. ఒకవైపు హెచ్‌డీఎంఐ, రెండోవైపు మూడు తీగలు. ఫోను ఛార్జరుతో దానికి కరెంటు ఇచ్చాను. కన్వర్టరు బాగానే ఉంది, ఎర్ర లైటు వెలుగుతోంది. సమస్య టీవీలోనే.

పాత మెకానిక్ (ఉదయం 7.05)

టీవీలో ఏ సమస్యా లేదు. కన్వర్టరు పక్కన గోరుతో జరిపే చిన్న స్విచ్ ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ వైపు ఉంది. పాల్ వైపు జరపండి.

సప్తగిరి సర్కిల్ (ఉదయం 7.40)

అలాంటి స్విచ్ ఏదీ ఉండదు. నా దగ్గర ఉన్నదానికి లేదు.

పాత మెకానిక్ (ఉదయం 7.44)

మీ దగ్గర ఉన్నది ఏవీ, అంటే ఆ మూడు తీగల నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది అయి ఉంటుంది. రెండింటి డబ్బా ఒకేలా ఉంటుంది. సగం మంది తలకిందులుగా ఉన్నదే కొంటారు.

సప్తగిరి సర్కిల్ (ఉదయం 8.20)

చూశాను. అదే. నాలుగు నెలలుగా డ్రాయరులో ఉంది, పాడైపోయింది అనుకున్నాను.

గాజుగొట్టం (ఉదయం 8.30)

కారణం కూడా తెలుసుకోండి. మన దేశంలో రంగుల ప్రసారాలు 1982లో మొదలైనప్పటి నుంచి వాడింది పాల్ పద్ధతి. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, రంగు సంకేతం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు, రంగు 3.58 దగ్గర. వెలుగునీడల సంకేతం రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి బొమ్మ నిలబడుతుంది. రంగు కోసం టీవీ వెతికే చోట రంగు ఉండదు. అప్పుడు రంగును మూసేసి నలుపు తెలుపు చూపిస్తుంది. చెడిపోవడం కాదు అది, మర్యాద. ఇంకొక సంగతి, ఆ కాలపు 29 అంగుళాల సెట్లు చాలావరకు రెండు పద్ధతులూ పట్టేవి. మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటో చేస్తే చాలు.

పాత మెకానిక్ (ఉదయం 8.33)

రిమోట్ లేదు అన్నాడు.

గాజుగొట్టం (ఉదయం 8.35)

అవును, మరిచాను.

పాత మెకానిక్ (ఉదయం 8.41)

మనుషులు సన్నగా కనిపించేది వెడల్పాటి బొమ్మను ఈ తెరలో ఇరికించడం వల్ల. కొత్త బాక్సు సెట్టింగులో 4:3 ఉంటే అది పెట్టండి. పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, మనుషులు మనుషుల్లా ఉంటారు. అది లేకపోతే అలాగే చూడాలి.

కడప ఏడురోడ్లు (ఉదయం 9.10)

అంటే 27 అంగుళాల్లో నల్ల పట్టీలు పోగా మిగిలేది ఎంత?

గాజుగొట్టం (ఉదయం 9.14)

29.

చిన్నమ్మ వంటిల్లు (ఉదయం 11.05)

ఇది చదువుతుంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు వీధిలో నడుస్తూనే ఏ ఇంట్లో టీవీ వేశారో చెప్పేదాన్ని. మాట వినిపించకపోయినా చెవిలో సన్నగా కూత వచ్చేది. మా ఇంట్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు వినిపించడం లేదు, ఆ టీవీలు లేకపోవడం వల్లే అనుకుంటాను.

గాజుగొట్టం (ఉదయం 11.20)

నిజమే విన్నారు. 625 గీతలు, సెకనుకు 25 సార్లు, గుణిస్తే 15,625. టీవీ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సెకనుకు అన్నిసార్లు అదురుతుంది. పిల్లల చెవికి అది అందుతుంది. వయసు పెరిగే కొద్దీ పై స్వరాలు మొదట పోతాయి. ఇప్పుడు వినిపించకపోవడానికి కారణం టీవీలు లేకపోవడం ఒక్కటే కాదు అమ్మా.

చిన్నమ్మ వంటిల్లు (ఉదయం 11.24)

తెలుసు నాయనా. అంత వివరంగా చెప్పనక్కరలేదు.

సీసం జాగ్రత్త (మధ్యాహ్నం 1.00)

రిజిస్టరైన రీసైక్లర్ల సంగతి ఎవరికైనా కావాలంటే అడగండి.

హంద్రీ గట్టు (బుధవారం, రాత్రి 10.50)

ఆలస్యంగా రాస్తున్నాను. స్విచ్ జరిపాను, రంగులు వచ్చాయి. అది ఎంత చిన్నదంటే అగ్గిపుల్ల విరిచి జరపాల్సి వచ్చింది. పాత మెకానిక్ అన్నకు థ్యాంక్స్. 4:3 పెట్టి చూపించాను గాని నల్ల పట్టీలు నాన్నకు నచ్చలేదు, ఇంత పెద్ద టీవీ కొన్నది పట్టీలు చూడటానికా అన్నారు. సన్నటి మనుషులతోనే మ్యాచ్ అయిపోయింది. మా పాప పైకి వచ్చి, టీవీ ఈల వేస్తోందని చెవులు మూసుకుంది. నాన్నకు, నాకు ఏమీ వినిపించలేదు.

పాత మెకానిక్ (గురువారం, ఉదయం 6.20)

సరే.

గాజుగొట్టం (గురువారం, ఉదయం 9.05)

తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తున్నాయా? చూసి చెప్పండి.

సప్తగిరి సర్కిల్ (గురువారం, రాత్రి 8.15)

ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఎవరికైనా కావాలా? కొత్తదే, డబ్బా కూడా ఉంది.

గాజుగొట్టం (ఆదివారం, ఉదయం 10.00)

గీతలు కనిపించాయా?