‘సైన్యము’నా, ‘సైన్యమ్ము’నా?

(తెలుగు మిత్రుల మాటామంతీ. ఎవరి ఊరే వారి పేరు.)

బరంపురం: పత్రికా సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావుగారి ఆటవెలది పద్యం. ‘పత్రికొక్కటున్న పదివేల సైన్యమ్ము, పత్రికొక్కటున్న మిత్రకోటి’ అని నా నోటికి వస్తుంది. మా తెలుగు సంఘం సభలో కాలమిస్టుల మీద మాట్లాడాలి. బ్యానర్ ప్రూఫ్‌లో ‘సైన్యము’ అని కొట్టారు. ఏది సరి? ఇంకోటి, సంపాదకీయాలు రాసిన మనిషి కట్టిన సైన్యంలో కాలమిస్టుకు చోటెక్కడ?

పర్లాకిమిడి మాస్టారు: గణాలు వేయండి. ‘సైన్యమ్ము’ తగణం, ‘సైన్యము’ భగణం. రెండూ ఇంద్రగణాలే, ఆ చోట ఏదైనా సరిపోతుంది, ఛందస్సు తీర్పు చెప్పదు. నా చెవికి మాత్రం ‘మ్ము’ దగ్గరే పాదం నిలబడుతుంది.

రాయగడ: చెవి సాక్ష్యం చెల్లదు మాస్టారూ. అసలు రెండో పాదంలో మొదటి అక్షరం ‘ప’కీ, నాలుగో గణం మొదటి అక్షరం ‘మి’కీ యతి, అంటే అక్షరాల పొంతన, ఎలా కుదిరింది?

మాస్టారు: ప్రాసయతి నాయనా! పత్రి, మిత్ర, రెండో అక్షరాలు కలిశాయి. ఆటవెలదికి అది చెల్లుబాటే.

జయపురం: ‘ము’ సంగతి అలా ఉంచండి, ముడి ‘కోటి’ దగ్గరుంది. పైన పదివేలు చూసి దీన్నీ అంకె అనుకుంటారు. ఇక్కడ కోటి అంటే సమూహం. కాలమిస్టు చోటు అందులోనే. సంపాదకీయం పేరు లేకుండా పత్రిక తరఫున మాట్లాడుతుంది. కాలమిస్టు తన పేరు పెట్టుకుని, అవసరమైతే పత్రిక మాటకు ఎదురు చెబుతాడు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ శీర్షిక రాసింది మిత్రుడిలాగే కదా.

రాయగడ: అంతకంటే ముందే పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి ‘సాక్షి’ వ్యాసాలు ఉన్నాయండీ. అందులోని పాత్ర జంఘాలశాస్త్రి లేచి ఉపన్యాసం అందుకుంటే ఏ సైన్యం చాలుతుంది? ఇంగ్లీషు వ్యాసకర్త అడిసన్ ‘స్పెక్టేటర్’ పత్రిక నమూనాయే కానీ, ఆ వాక్యాల ఊపు అచ్చంగా మనది.

మాస్టారు: ఊపు సరే, అది గ్రాంథికం. వాడుకభాషలో సంపాదకీయాలు రాసిన తాపీ ధర్మారావుగారిని వదిలేశారేం? పుట్టింది 1887లో, బరంపురంలోనే. మా పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడు. ‘జనవాణి’ పత్రిక నడిపినవారు. ఇవాళ కాలమిస్టు మనతో మాట్లాడినట్టు రాస్తున్నాడంటే ఆ దారి వేసినవాళ్లలో ఆయనొకరు. బరంపురం సభలో ఆయన పేరు ఎత్తకపోతే నాకు కష్టంగా ఉంటుంది.

బరంపురం: తప్పకుండా ఎత్తుతాను మాస్టారూ. కానీ ప్రెస్‌వాళ్లు సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. ‘ము’నా, ‘మ్ము’నా?

రాయగడ: ‘ము’.

జయపురం: ‘మ్ము’. పదివేలమంది నడవాలంటే ఆ ద్విత్వం ఉండాలి.

మాస్టారు: అచ్చుపుస్తకం చూడకుండా బ్యానర్ కొట్టించకండి.