రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే నిజంగా బరువు తగ్గుతామా?

బ్రాడీపేట నాలుగో లైను:
నా వయసు 38, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. నాలుగు నెలలుగా రాత్రి చపాతీలే. మొదటి నెల రెండు కిలోలు తగ్గాను, మళ్లీ మొదటికొచ్చింది. మా మామగారేమో "తెల్లన్నం విషం" అంటారు. పిల్లలకు అన్నం, నాకు చపాతీ అంటూ రెండు వంటలు చేయలేక మా ఆవిడ విసుక్కుంటోంది. అన్నం మళ్లీ మొదలుపెట్టనా?

చపాతీ పార్టీ:
వద్దన్నా. నేను రెండేళ్లలో తొమ్మిది కిలోలు తగ్గాను, చపాతీతోనే. పిండి గొప్పదని కాదు, దానికి లెక్క ఉంటుంది. రెండు తిని లేచిపోతాం. అన్నమైతే ముందు గోంగూర పచ్చడి, నెయ్యి, తర్వాత పప్పు, తర్వాత చారు, చివర్లో పెరుగు. "కొంచెం పెట్టు" అంటూ ఎన్నిసార్లు కలిపామో ఎవరికి గుర్తుంటుంది?

లెక్కల మాస్టారు:
గుర్తుండదనే నేను వారం రోజులు త్రాసు మీద పెట్టి తూచాను. నా రాత్రి అన్నం 320 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు, అంటే 420 లోపే. చపాతీ ఒక్కోటి 40 గ్రాముల పిండితో చేస్తే 135 దాకా. మూడు తింటే 405. కాల్చేటప్పుడు చెంచా నూనె చొప్పున ఇంకో 135. మొత్తం 540, కుర్మా కాకుండానే!
బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 బియ్యం 1986 నుంచి తింటున్నాం. మా నాన్న అదే తిని రోజూ పెదకాకాని నుంచి మిర్చి యార్డుకు సైకిలు తొక్కేవారు. నేను వీధి చివరికి కూడా స్కూటీ తీస్తాను.

చపాతీ పార్టీ:
మాస్టారూ, నూనె వేయని పుల్కా లెక్క కూడా చెప్పండి మరి!

కృష్ణలంక కోడలు:
పుల్కా అయినా, చపాతీ అయినా, ఆఫీసు నుంచి వచ్చి పన్నెండు వత్తేది ఎవరండీ? మీ చర్చలో ఆ ఊసే లేదు. ఇంట్లో ఒకళ్లకి ప్రత్యేకంగా వండే అలవాటు మూడు నెలలు దాటి నిలవడం నేనైతే చూడలేదు. ఆ మధ్య కొబ్బరినూనె డైట్ అని మా వీధంతా అన్నం మానేసింది. ఇప్పుడు వాళ్లంతా సాయంత్రం బీఆర్‌టీఎస్ రోడ్డులో పునుగుల బండి దగ్గర కనిపిస్తున్నారు.
నేను అన్నం మానలేదు. కంచం మార్చాను, అంతే. ముందు ఒక గిన్నె కూర ఉత్తిదే తింటాను, తర్వాత ఒక్క గరిటె అన్నం, మజ్జిగ. భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. ఇంకోటి, నలుగురికి నెలకు ఆరు లీటర్ల నూనె కొనేవాళ్లం. అంటే మనిషికి రోజుకు 50 మిల్లీలీటర్లు, 400 కేలరీల పైమాటే. ఇప్పుడు మూడున్నర లీటర్లు. పద్నాలుగు నెలల్లో అయిదు కిలోలు తగ్గాను. మా అత్తయ్యగారు మాత్రం "చిక్కిపోయావే" అని నెయ్యి గిన్నె జరుపుతూనే ఉంటారు.

చపాతీ పార్టీ:
మూడున్నర లీటర్లా! ఆవకాయ పెట్టే నెల కూడానా?

కృష్ణలంక కోడలు:
ఆ నెల లెక్కలోకి రాదు.

లెక్కల మాస్టారు:
నాలుగో లైను గారూ, బరువొక్కటే చూడకండి, నడుముకు టేపు పెట్టండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. షుగరు మాత్రలు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా ఏ పూటా తిండి మానొద్దు.

బ్రాడీపేట నాలుగో లైను:
మాత్రలేమీ లేవండీ. నడుము 101. ఇందాక వంటింట్లో నిలబడి చూశాను. ఆవిడ చపాతీ చుట్టూ నూనె పోసేది చెంచాతో కాదు, సీసాతోనే. రేపటి నుంచి అందరికీ ఒకటే వంట అని చెప్పేశాను, పిండి డబ్బా వెంటనే పై అరలోకి వెళ్లిపోయింది. ఆదివారం మామగారు భోజనానికి వస్తున్నారు. మాస్టారూ, ఆ త్రాసు ఒక్క పూటకు ఇస్తారా?