అప్‌డేట్: పాతిన సెన్సర్లు మళ్లీ మాట్లాడుతున్నాయి

తాడిపత్రి దగ్గర మా చీనీ తోటలో అడుగున్నర లోతున పాతిన తేమ సెన్సర్లు డ్రిప్ వదలగానే రీడింగులు పంపకుండా మూగబోతున్నాయని కిందటి నెల అడిగాను కదా. సెన్సర్లు పాడవలేదు. తడి మట్టి రేడియో తరంగాలను పీల్చేస్తుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా. మావి 2.4 గిగాహెర్ట్జ్‌వి. మీలో ఒకరు చెప్పినట్టే ప్రోబ్‌ను (తేమ కొలిచే భాగాన్ని) మట్టిలోనే ఉంచి, కేబుల్ లాగి ట్రాన్స్‌మిటర్‌ను ఆరడుగుల గుంజ మీదికి ఎక్కించాను. ఫ్రీక్వెన్సీ తక్కువుండే 865–867 మెగాహెర్ట్జ్ లోరాకు (తక్కువ కరెంటుతో దూరానికి రీడింగులు పంపే రేడియో పద్ధతి) కూడా మార్చాను. పదిహేను రోజులుగా ఒక్క రీడింగూ తప్పలేదు, పెద్ద టెన్షన్ తీరింది.

ఒక చెట్టు దగ్గర మాత్రం తేమ మరీ తక్కువగా చూపించింది. తవ్వి చూస్తే నల్లరేగడి నెర్రెలిచ్చి ప్రోబ్ చుట్టూ గాలి చేరింది. అదే మట్టిని బురదగా కలిపి, సందు లేకుండా నింపి మళ్లీ పాతాను. ఇప్పుడు పక్క చెట్టు లెక్కతో సరిపోతోంది. రేగడి నేలల వాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి.