రెంటల్ కారుతో యాక్సిడెంట్ అయితే ఏం చేయాలి? (శాన్ హోసే, కొత్తగా వచ్చిన విద్యార్థి ప్రశ్న)

ప్రశ్న, శాన్ హోసే నుంచి

అందరికీ నమస్కారం. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో వచ్చాను. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నలుగురం కలిసి కారు అద్దెకు తీసుకుని యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. మాలో ముగ్గురికి ఇండియా లైసెన్సులే ఉన్నాయి, ఒకరికి ఇక్కడి లెర్నర్ పర్మిట్ వచ్చింది. దారిలో ఎవరినైనా గుద్దినా, మమ్మల్ని ఎవరైనా గుద్దినా ఏం చేయాలి? పోలీసులను పిలిస్తే వీసాకు ఇబ్బందా? కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అక్కర్లేదు, క్రెడిట్ కార్డు చూసుకుంటుందని రూమ్మేట్స్ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు, ఫ్రీమాంట్ నుంచి

తమ్ముడూ, ముందు వీసా భయం తీసేస్తాను, ఎందుకంటే ఆ భయంతోనే పిల్లలు పెద్ద తప్పు చేస్తారు. మామూలు యాక్సిడెంట్ నేరం కాదు. ఆగకుండా వెళ్లిపోవడమే నేరం. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే అది ఇంకా తీవ్రమైన కేసు. వీసాకు నిజంగా ముప్పు తెచ్చేది తాగి నడిపి అరెస్టవడం. పోలీసు టికెట్ రాసి సంతకం పెట్టమంటే పెట్టు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు సమాధానం ఇస్తానన్న మాట మాత్రమే. ఆ తేదీ మాత్రం మర్చిపోకు.

గుద్దుకున్న వెంటనే హజార్డ్ లైట్లు వేయి. దెబ్బలు తగలక, కారు కదిలేలా ఉంటే లేన్లోంచి పక్కకు తియ్యి. ఫ్రీవే మీద రెండు కార్ల మధ్య నిలబడి మాట్లాడుకోవద్దు, వెనకాల వచ్చే బండి ఆగుతుందన్న నమ్మకం లేదు. ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నా, కింద ఏదైనా కారుతున్నా ఇక ఆ కారు నడపకు. ఎవరికి దెబ్బ తగిలినా 911 చెయ్యి. ఫ్రీవే మీద హైవే పోలీసులు వస్తారు, ఊళ్లో ఆ ఊరి పోలీసులు వస్తారు. దెబ్బలేమీ లేవంటే కొన్ని ఊళ్లలో రాకపోవచ్చు. అప్పుడు ఎమర్జెన్సీ కాని నంబర్‌కు చేసి, ఆన్‌లైన్‌లో రిపోర్ట్ ఇవ్వొచ్చా అని అడిగి, రిఫరెన్స్ నంబర్ రాసుకో.

మనవాళ్లకు నోట్లోంచి ముందు "సారీ అండీ, తప్పు నాదే" అని వచ్చేస్తుంది. "దెబ్బ తగిలిందా?" అని తప్పకుండా అడుగు, అది మనిషి లక్షణం. తప్పు ఎవరిదో మాత్రం రోడ్డు మీద తేల్చకు. కాలిఫోర్నియా చట్టం కూడా సానుభూతి మాటల్నీ, తప్పు ఒప్పుకోవడాన్నీ వేరువేరుగానే చూస్తుంది.

ఫోటోలు: రెండు కార్ల నాలుగు మూలలు, నంబర్ ప్లేట్లు, డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్), సిగ్నల్, వీధి పేరు బోర్డు, రోడ్డు మీద టైరు గీతలు. కార్లు పక్కకు తీయకముందే దూరం నుంచి ఒకటి తీస్తే చాలా విలువ, ప్రమాదం లేకుంటేనే. ఎదుటివాళ్ల లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు, రిజిస్ట్రేషన్ ఫోటో తీసుకో. సాక్షులుంటే ఫోన్ నంబర్ అడుగు, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు.

పిలవకుండానే వచ్చిన టో ట్రక్కుకు కారు అప్పగించకు. నీ రెంటల్ కంపెనీ నంబర్ తాళం ట్యాగ్ మీదో అగ్రిమెంట్‌లోనో ఉంటుంది. వాళ్లు పంపిన ట్రక్కుకే ఇవ్వు, సొంతంగా షెడ్డుకు తీసుకెళ్లి సొట్ట తీయించకు.

జవాబు, సన్నీవేల్ నుంచి

అన్నగారు యాక్సిడెంట్ తర్వాత సంగతి చెప్పారు. అసలు ముప్పు బయల్దేరే ముందే ఉంటుంది. మీరు నలుగురు, కానీ అగ్రిమెంట్‌లో పేర్లెన్ని? ఒకరి పేరు మీద తీసుకుని అలసిపోయాక ఇంకొకరికి స్టీరింగ్ ఇస్తారు. పేరు లేనివాళ్లు నడుపుతుండగా గుద్దుకుంటే మీరు డబ్బు కట్టిన డ్యామేజ్ వేవర్ (అద్దె కారుకు నష్టమైతే మీ దగ్గర వసూలు చేయమని కంపెనీ ఇచ్చే హామీ), కార్డు కవరేజ్ రెండూ చెల్లకపోయే అవకాశం ఎక్కువ, మొత్తం సంతకం పెట్టినవారి మెడకు చుట్టుకుంటుంది. కాలిఫోర్నియాలో భార్యాభర్తలకు ఈ విషయంలో చట్టం వెసులుబాటు ఇస్తుంది, స్నేహితులకు ఇవ్వదు. నడిపే ప్రతి ఒక్కరినీ కౌంటర్ దగ్గరకు తీసుకెళ్లి చేర్పించండి. 25 ఏళ్లు నిండనివాళ్లకు అదనపు రోజువారీ ఫీజు మామూలే. లెర్నర్ పర్మిట్ ఉన్న స్నేహితుడు ఈ కారు నడపకూడదు, అంతే.

ఇండియా లైసెన్సుతో టూరిస్టుగా నడపడం వేరు. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నవాళ్లు 10 రోజుల్లో కాలిఫోర్నియా లైసెన్సు తీసుకోవాలి. మీరు ఏ కోవలోకి వస్తారో డీఎంవీలో (ఇక్కడి ఆర్టీవో లాంటి ఆఫీసు) ముందే కనుక్కోండి. ఇండియాలో ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ అనువాదం మాత్రమే, అసలు లైసెన్సు జేబులో లేకపోతే దానికి విలువ లేదు.

జవాబు, ప్లెజంటన్ నుంచి

రూమ్మేట్స్ చెప్పింది సగం నిజం. అద్దెకు తెచ్చిన కారుకు అయిన నష్టమే కార్డు చూస్తుంది. అదీ మొత్తం అద్దె ఆ కార్డుతోనే కట్టి, అగ్రిమెంట్‌లో మొదటి పేరు కార్డు ఉన్నవాళ్లదై, కౌంటర్‌లో డ్యామేజ్ వేవర్ వద్దన్నప్పుడే. ఎదుటివాళ్ల కారుకు, వాళ్ల ఆసుపత్రికి క్రెడిట్ కార్డు ఒక్క డాలరు ఇవ్వదు. దానికి కావలసింది లయబిలిటీ ఇన్సూరెన్స్.

కాలిఫోర్నియా కనీస లయబిలిటీ 2025 జనవరి 1 నుంచి ఒక మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు. ఈ మధ్య కార్ల ధరలు చూస్తే 15,000 ఏ మూలకు? పైగా అద్దెలోనే ఈ కనీసం కలిసి ఉందని అనుకోవద్దు. సొంత కారు పాలసీ లేని విద్యార్థులు కౌంటర్‌లో సప్లిమెంటల్ (అదనపు) లయబిలిటీ తీసుకోవాలి, తరచూ అద్దెకు తీసుకునేవాళ్లకు సొంత కారు లేనివాళ్ల కోసం ఉండే నాన్ ఓనర్ పాలసీ మేలు. డ్యామేజ్ వేవర్, లయబిలిటీ రెండిట్లో ఒకటే కొనగలిగితే లయబిలిటీయే కొనమంటాను. కారు ధరకు ఒక హద్దుంది, మనిషి వెన్నెముక ఆపరేషన్ బిల్లుకు లేదు.

ప్రశ్న, శాన్ హోసే నుంచి

చాలా థాంక్స్ అండీ. పార్కింగ్‌లో మనిషి లేని కారుకు తగిలితే? ఇంటికి వచ్చాక ఏమైనా కాగితాలు పెట్టాలా?

జవాబు, ఫ్రీమాంట్ నుంచి

ఓనర్‌ను వెతుకు. దొరక్కపోతే పేరు, అడ్రస్, ఏం జరిగిందో రాసి, అది రెంటల్ కారని కూడా చెప్పి కనిపించేలా అద్దానికి పెట్టు, పోలీసులకు కూడా చెప్పు. చీటీ పెట్టకపోతే చిన్న గీత కూడా హిట్ అండ్ రన్ అవుతుంది.

ఎవరికైనా దెబ్బ తగిలినా, నష్టం 1,000 డాలర్లు దాటినా డీఎంవీకి ఎస్ఆర్-1 అనే ప్రమాద రిపోర్ట్ ఫారం 10 రోజుల్లో పంపాలి. తప్పు నీది కాకపోయినా పంపాలి. పోలీసు రిపోర్ట్ రాసుకున్నారు కదా అని వదిలేసేవాళ్లే ఎక్కువ, అది వేరు, ఇది వేరు. పంపకపోతే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు. దెబ్బలు తగిలిన ప్రమాదానికి పోలీసు రాకపోతే 24 గంటల్లో వాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి.

జవాబు, ప్లెజంటన్ నుంచి

రెంటల్ కంపెనీ బిల్లు వారాల తర్వాత రావచ్చు. చూడగానే కట్టేయకండి. డ్యామేజ్ ఫోటోలు, వివరంగా విడదీసిన ఎస్టిమేట్, అసలు రిపేరు బిల్లు అడగండి. అడ్మిన్ ఫీజు, కారు షెడ్డులో ఉన్న రోజుల అద్దె, ధర తగ్గినందుకు అంటూ వేసే వరుసలు ఒక్కొక్కటి చూడండి. చాలా కార్డులు షెడ్డు రోజుల అద్దెను రెంటల్ కంపెనీ తన కార్ల వాడకం లాగ్ చూపిస్తేనే ఒప్పుకుంటాయి. కార్డుకు చెప్పడానికి గడువు ఉంటుంది, కాబట్టి బిల్లు కోసం ఆగకుండా మరుసటి రోజే క్లెయిమ్ నంబర్ తీసుకోండి.

ఎదుటి ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ చేసి మాటలు రికార్డు చేస్తామంటే, మీ కవరేజ్ ఇచ్చినవాళ్లతో మాట్లాడాకేనని చెప్పండి.

జవాబు, సన్నీవేల్ నుంచి

యోసెమిటీ గురించి ఒక్క మాట. చలికాలంలో అక్కడ టైరు చెయిన్లు దగ్గర ఉండాలంటారు, చాలా రెంటల్ కంపెనీలేమో వాటిని వేయనివ్వవు. వేసినందువల్ల అయిన డ్యామేజ్ మీదే అవుతుంది. బుక్ చేసేటప్పుడే అడగండి. లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పార్కులో ప్రమాదమైతే రిపోర్ట్ రాసేది రేంజర్లు. అగ్రిమెంట్ కాపీ, రోడ్‌సైడ్ నంబర్, కారు తీసుకున్నప్పుడు చుట్టూ తిరిగి తీసిన వీడియో ఫోన్‌లోనే ఉంచుకోండి, క్లౌడ్‌లో ఉంటే అక్కడ తెరుచుకోదు.